వారంటీ 40,000 కిలోమీటర్లు, మీ తిరుగుడు ఏడాదికి 31,000

ప్రశ్న: హైదరాబాద్‌లో అద్దె ఇంట్లో రెండో అంతస్తులో ఉంటాను. ఆహార పార్సిళ్లు చేరవేసే పని. రోజుకు 100 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు తిరుగుతాను. ఏడేళ్ల పాత బైకు లీటరుకు 45 కిలోమీటర్లు ఇస్తోంది. ఎలక్ట్రిక్ స్కూటర్ 1,35,000 రూపాయలంటున్నారు. బ్యాటరీకి వారంటీ మూడేళ్లు లేదా 40,000 కిలోమీటర్లు. చేతిలో 45,000 ఉన్నాయి, మిగతాది అప్పు. ఇంట్లో నెలకు 130 యూనిట్లు వాడతాం, 200 యూనిట్ల వరకు ఉచితంగా కరెంటిచ్చే గృహజ్యోతి పథకం వల్ల బిల్లు సున్నా. కొనమంటారా?

సమాధానం: కొనండి. కానీ ఈ వారంటీతో వద్దు.

నెలకు 2,600 కిలోమీటర్లంటే దాదాపు 58 లీటర్లు. లీటరు 107 రూపాయల చొప్పున 6,200 పెట్రోలుకే పోతోంది. స్కూటర్‌కు వంద కిలోమీటర్లకు మూడున్నర యూనిట్లు వేసుకుంటే నెలకు 91 యూనిట్లు. మీ 130తో కలిపితే 221. మెలిక ఇక్కడే ఉంది. 200 దాటితే పైనున్న 21 యూనిట్లకే కాదు, మొత్తానికీ బిల్లు కట్టాలి. అది సుమారు 1,250 రూపాయలు. నెలలో ఏడెనిమిది సార్లు బయట ఛార్జింగ్ పెట్టుకుంటే సున్నా బిల్లు నిలుస్తుంది. అక్కడ యూనిట్ ధర ఎక్కువైనా మీకు అదే లాభం. వేసవిలో కూలర్ తిరిగే నెలల్లో మాత్రం 200 లోపు ఉండటం కష్టం. పూర్తి బిల్లు కట్టినా నెలకు 4,900 మిగులుతుంది. 90,000 అప్పుకు 12 శాతం వడ్డీతో మూడేళ్ల వాయిదా 2,990. అది పోగా 1,900.

ఇక నన్ను కలవరపెట్టిన విషయం. మీ తిరుగుడుకు 40,000 కిలోమీటర్లు 15 నెలల్లో అయిపోతాయి. అప్పటికి ఇంకా 21 వాయిదాలుంటాయి. ఆ తర్వాత బ్యాటరీ పాడైతే కొత్తదానికి అరలక్ష పైనే కావాలి, వాయిదా మాత్రం ఆగదు. కొన్ని కంపెనీలు అదనపు రుసుముతో 8 ఏళ్లు లేదా 80,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి. మీకు అది 30 నెలలు వస్తుంది. అదే తీసుకోండి. డెలివరీ పనికి వాడినా వారంటీ, బీమా రెండూ చెల్లుతాయని రాతపూర్వకంగా అడగండి. వాణిజ్య వాడకాన్ని మినహాయించే షరతు చిన్న అక్షరాల్లో ఉండవచ్చు. నోటిమాటతో సరిపెట్టే షోరూమ్‌లో బయానా ఇవ్వకండి.

బ్యాటరీ 4 కిలోవాట్ అవర్‌కు, అంటే 4 యూనిట్లకు, తగ్గకూడదు. మూడుదైతే రాత్రి ఎనిమిదింటికి, సరిగ్గా ఆర్డర్లు ముమ్మరంగా వచ్చే వేళకు, బండి మీటరులో ఛార్జింగ్ గీతలు అడుగంటుతాయి.

కొనేముందే ఇంటి యజమానితో మాట్లాడి, కింద బండి నిలిపే చోట మీ కరెంటు మీటరు నుంచి 16 ఆంప్స్ సాకెట్, ఎర్తింగ్ పెట్టించుకోండి. రెండో అంతస్తు కిటికీలోంచి తీగ వేలాడదీసి, వాన పడితే ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద పాలిథిన్ కవరు కప్పిన ఇళ్లు చూశాను. దయచేసి మీరు ఆ పని చేయకండి.

తెలంగాణలో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము 2026 డిసెంబరు 31 వరకు మినహాయించారు. కొటేషన్‌లో ఆ రెండూ కలిపారేమో చూడండి.

మిగిలే 1,900లో 1,500 వాయిదా తేదీ నాడే రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. మూడేళ్లలో వడ్డీ కాకుండా 54,000. అది బ్యాటరీ డబ్బు, పండక్కి తీయకండి. పాత బైకును మాత్రం మార్పిడికి ఇవ్వకండి. స్కూటర్ సర్వీసింగ్‌లో ఉన్న రోజు మీ కూలి పోకుండా ఆదుకునేది అదే.