కుక్కకి తాడు కట్టేముందు

చి. బుజ్జికి ఆశీస్సులు.

మీ ఊరకుక్క పిల్లకి 7 నెలలు నిండాయనీ, 16 కిలోలు తూగుతోందనీ, గేటు దాటగానే నిన్ను ఈడ్చుకుపోతోందనీ రాశావు. మంచి చైను ఏదో చెప్పమన్నావు. చైను అసలు వద్దమ్మా.

నడక సరిగ్గా సాగుతున్నంతసేపూ నీ చేతికీ కుక్కకీ మధ్య తాడు కొంచెం కిందికి వంగి వేలాడుతుండాలి. లాగితే బిగుస్తుంది, లాగడం మానితే హాయిగా ఉంటుంది. ఈ తేడా పట్టుకునే కుక్క నడక నేర్చుకుంటుంది. ఇనుప గొలుసు కడితే లాగినా లాగకపోయినా బరువు మెడమీద ఉండనే ఉంటుంది, ఇక దానికి తేడా ఎలా తెలుస్తుంది? పైగా గొలుసు చేతిలోంచి జారితే వేళ్ళ చర్మం ఒలుచుకుపోతుంది. కుక్క తాడు కొరికేస్తోందని చాలామంది గొలుసు కొంటారు. ఈ వయసులో కొత్త పళ్ళు వచ్చి ఏదో ఒకటి నమలాలనిపించడం సహజం. నడకకి ముందు నోటికో రబ్బరు బొమ్మ ఇస్తే తాడు జోలికి రాదు. ఇంట్లో కట్టేయడానికి కూడా గొలుసు వాడకు. మరీ పొట్టి గొలుసుతోనో మరీ బరువైన గొలుసుతోనో గంటల తరబడి కట్టి ఉంచడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం.

కొనవలసింది 6 అడుగుల పట్టీ లీష్, అంటే కుక్కని పట్టుకుని నడిపించే పట్టీ. వెడల్పు 20 మిల్లీమీటర్లు చాలు. చిన్న కుక్కపిల్లలకి 10, 12 సరిపోతాయి, పెద్ద లాబ్రడార్‌కైతే 25 కావాలి. వెడల్పు పెరిగేకొద్దీ బెల్టుకి తగిలించే కొక్కెం కూడా బరువెక్కుతుంది కాబట్టి చిన్న కుక్కకి పెద్ద లీష్ కొనడం దానికి శిక్షే. కొక్కేనికి ఒక అడుగు ఎడంలో రెండో పిడి కుట్టి ఉన్నది దొరికితే అదే తీసుకో. లిఫ్టులోనూ, రోడ్డు దాటేటప్పుడూ కుక్కని దగ్గరగా పట్టుకోవడానికి అంతకు మించిన ఏర్పాటు లేదు.

నైలాన్ చవక, త్వరగా ఆరుతుంది, కానీ చేతిలోంచి సర్రున జారితే అరచెయ్యి కాలినట్టు మండుతుంది. నూలు పట్టీ మెత్తగా ఉండి పట్టు దొరుకుతుంది. వానాకాలంలో మాత్రం ఒకసారి తడిస్తే రెండు రోజులు ఆరదు. తోలు అన్నిటికంటే చేతికి సుఖం, అయితే దాన్ని చూసుకోవాలి, నీలాంటి ఉద్యోగస్తులకి ఆ తీరిక ఉండదు. నువ్వు నైలాన్‌దే, పిడి దగ్గర మెత్త కుట్టినది తీసుకో.

దుకాణంలో రంగు తర్వాత చూడు, ముందు కొక్కెం చూడు. మీట నొక్కి వదిలితే టక్కున మూసుకోవాలి, నెమ్మదిగా మూసుకునేది దుమ్ము పడ్డాక అసలు మూసుకోదు. కొక్కెం తన చుట్టూ తాను తిరగాలి, లేకపోతే పట్టీ మెలికలు పడుతుంది. ఇత్తడి గానీ స్టెయిన్‌లెస్ స్టీలు గానీ మేలు. మెరుపు పూత వేసిన జింకు మిశ్రమం కొక్కేలు వంగి హెచ్చరించవు, ఒక్క గుంజుకి విరిగిపోతాయి. పట్టీ మడిచి కుట్టిన చోట చదరం గీసి లోపల అడ్డంగా ఇంటూ గుర్తులాగా కుట్టి ఉండాలి. ఒకే వరస కుట్టు నమ్మదగింది కాదు. మెడ బెల్టుకీ, ఒంటికి తొడిగే పట్టీల హార్నెస్‌కీ ఉండే రింగు అతుకు పూర్తిగా వెల్డింగ్ అయి ఉండాలి, సన్నని సందు కనిపించినా వద్దు.

లాగితే సాగి, మీట నొక్కితే లోపలికి చుట్టుకుపోయే లీష్ ఉంది చూశావూ, దాన్ని మాత్రం ఎవరైనా ఊరికే ఇచ్చినా వాడకు. అది ఎప్పుడూ కొంచెం బిగువుగానే ఉంటుంది కాబట్టి, లాగితేనే తాడు వస్తుందని కుక్కకి రోజూ పాఠం చెప్తుంది. 5 మీటర్ల దూరం నుంచి పరుగెత్తి తాడు చివరికి వచ్చేసరికి మెడకి పడే దెబ్బ మామూలుది కాదు. సన్నని తాడు వేళ్ళకి చుట్టుకుంటే కోసేస్తుంది, వేళ్ళు తెగిపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి. పిడి జారి కింద పడిందా, ఆ ప్లాస్టిక్ డబ్బా దడదడమంటూ వెనకే తరుముకొస్తుంటే కుక్క బెదిరి అడ్డదిడ్డంగా రోడ్డు మీదికి పరుగెడుతుంది. మన వీధుల్లో ఆటోలూ బైకులూ వచ్చే తీరుకి ఆ దూరం అసలే పనికిరాదు. లాగితే ఉరిలా బిగిసే గొలుసూ, లోపలికి ముళ్ళున్న బెల్టూ కూడా వద్దు. అవి నొప్పితో ఆపుతాయి. ఎదురుగా ఇంకో కుక్క కనిపించిన ప్రతిసారీ మెడ నొప్పెడితే, ఆ నొప్పి ఆ కుక్క వల్లే వచ్చిందనుకుని మరింత మొరుగుతుంది.

ఇక మెడకా, ఒంటికా అన్నది. మన దేశవాళీ కుక్కలకి తల సన్నం, మెడ దాదాపు తలంత ఉంటుంది. ముధోల్, రాజపాళయం, కారవాన్ జాతులదీ అదే తీరు. భయపడగానే వెనక్కి నాలుగడుగులు వేసి తల కిందికి వంచితే మామూలు బెల్టు చెవుల మీదుగా వచ్చేస్తుంది. దీనికి మార్టింగేల్ అని రెండు చుట్ల బెల్టు వస్తుంది. లాగినప్పుడు మెడకి సరిపడా బిగుస్తుంది, అంతకు మించి బిగవదు. పూర్తిగా బిగించి చూసినప్పుడు దాని రెండు రింగులూ ఒకదానికొకటి తగలకుండా రెండు వేళ్ళ ఎడం ఉండాలి. తగిలాయంటే బెల్టు వదులైపోయిందన్నమాట. ఇంటికొచ్చాక దాన్ని తీసెయ్యి, తలుపు గడియకో కిటికీ ఊచకో పట్టుకుంటే ప్రమాదం. ఇంట్లో పేరూ ఫోన్ నంబరూ ఉన్న మామూలు బెల్టు చాలు, మెడకీ దానికీ మధ్య రెండు వేళ్ళు పట్టేలా ఉండాలి.

రోజువారీ నడకకి మాత్రం హార్నెస్ కొను. ఎదురుగా చూస్తే ఇంగ్లీషు వై అక్షరంలా ఉండాలి. రొమ్ముకి అడ్డంగా భుజాల మీదుగా పోయే పట్టీ ఉన్నది వద్దు, ముందుకాళ్ళ కదలికకి అది అడ్డుపడుతుంది. ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టూ టేపుతో కొలిచి ఆ కొలత ప్రకారం కొను, కిలోల లెక్కన కొనకు. చంక నుంచి రెండు మూడు వేళ్ళ దూరంలో పట్టీ పడాలి, లేకపోతే ఒరుసుకుని వెంట్రుకలు ఊడి పుండవుతుంది. వీపు మీదా రొమ్ము మీదా రెండు రింగులున్నది చూడు. వీపు రింగుకి కడితే బండి లాగే కుక్కకి కట్టినట్టే, ఒంటి బలమంతా పెట్టి లాగగలదు. రొమ్ము రింగుకి కడితే లాగినప్పుడల్లా ఒళ్ళు పక్కకి తిరుగుతుంది, బలం చాలదు. మీ దానికి నేర్చుకునేదాకా రొమ్ము రింగే. పగ్, షీట్జూ లాంటి పొట్టి ముక్కు కుక్కలకీ, పొమెరేనియన్‌లకీ, కంటి జబ్బులున్నవాటికీ మెడకి లీష్ కట్టనే కూడదు. మెడమీద ఒత్తిడి పడితే ఊపిరికి ఇబ్బంది అవుతుంది, కంట్లో ఒత్తిడి కూడా పెరుగుతుంది.

దీపావళి వారం రోజులూ, నిమజ్జనం డప్పులు మోగే రోజుల్లోనూ హార్నెస్‌నీ మెడ బెల్టునీ చిన్న పట్టీతో కలిపి కట్టు. ఒకటి ఊడినా రెండోది ఆపుతుంది. ఆ రోజుల్లో బెల్టు ఊడి పరుగెత్తి తప్పిపోయే కుక్కలుంటాయి.

పట్టుకోవడం సంగతికొస్తాను. పిడి చుట్టులోకి బొటనవేలు దూర్చి పిడికిలి మూసెయ్యి. మిగిలిన పట్టీని ముందుకీ వెనక్కీ మడతలుగా అదే చేతిలో పెట్టుకో. రెండో చేత్తో మధ్యలో వదులుగా పట్టుకో. మణికట్టుకి చుట్టుకోవడం, వేళ్ళకి మెలేసుకోవడం, నడుముకి ముడేసుకోవడం చెయ్యొద్దు. కుక్క ఒక్కసారి ఉరికితే నువ్వు వదిలేయాలన్నా వదలలేవు. చేతులు నాభి దగ్గర ఉంచితే ఒంటి బరువంతా నీకు సాయం వస్తుంది, చెయ్యి చాచితే భుజం గుంజుకుపోతుంది. ఇంకో చేతిలో ఫోను వద్దు. ఫుట్‌పాత్ లేని రోడ్డులో కుడి అంచున, ఎదురొచ్చే బండ్లు కనిపించేలా నడువు, కుక్క నీ కుడి పక్కన, అంటే రోడ్డుకి దూరంగా ఉండాలి. పిల్లవాడు తానూ పట్టుకుంటానని మారాం చేస్తే రెండో లీష్ ఒకటి కట్టి వాడికివ్వు, అసలుది నీ చేతిలోనే ఉండాలి. స్కూటర్ మీద కూర్చుని కుక్కని పక్కన పరిగెత్తించేవాళ్ళని చూసి నేర్చుకోకు.

లిఫ్టు దగ్గర మరీ జాగ్రత్త. కుక్క లోపలా నువ్వు బయటా ఉండగా తలుపు మూసుకుందంటే ప్రాణం మీదికి వస్తుంది, సన్నని లీష్‌ని చాలా లిఫ్టుల తలుపులు గుర్తించవు. ఎక్కేముందు రెండో పిడి పట్టుకుని కుక్కని నీ కాలికి ఆనించుకో, ఇద్దరూ ఒకేసారి ఎక్కండి, వెనక గోడకి ఆనించి నిలబెట్టు. దిగేటప్పుడు తలుపు పూర్తిగా తెరుచుకున్నాక ఇద్దరూ ఒకేసారి దిగండి. తలుపు కాలితో ఆపుతూ ఫోను మాట్లాడటం అసలు వద్దు. తోకా లీష్ కొసా లోపలికి వచ్చాయో లేదో చూశాకే బటన్ నొక్కు.

నేర్పడం వీధిలో మొదలుపెట్టకు. మొదట హాల్లో, తర్వాత వరండాలో, ఆ తర్వాత పొద్దున్నే ఖాళీగా ఉండే పార్కింగులో, చివరికి వీధిలో. ఒక్కోసారి 10 నిమిషాలు చాలు. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసాన్ని శనగ గింజంత ముక్కలు చేసి పెట్టుకో. నీ పక్కన నిలబడి నీవంక చూడగానే ఒక ముక్క, నీ తొడ పక్కనే చెయ్యి ఉంచి ఇవ్వు. ముందుకి చెయ్యి చాచి ఇస్తే ముందుకే నడవడం నేర్చుకుంటుంది. ఒక అడుగుకి ఒకటి, తర్వాత మూడడుగులకి, పదడుగులకి. వీధిలో తాడు బిగిసిందా, అక్కడే ఆగిపో. తిట్టొద్దు, గుంజొద్దు. ఎదురు గుంజితే కుక్క సహజంగానే ఇంకా ముందుకి నెడుతుంది. తలైనా తిప్పి, అడుగైనా వెనక్కి వేసి తాడు వదులు చేసిన క్షణంలో బాగుంది అని మళ్ళీ నడువు. మూడు నాలుగుసార్లు ఆగినా పని జరగకపోతే వెనక్కి తిరిగి నాలుగడుగులు వేసిరా.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. అమ్మ ఆగుతుంది, నాన్న ఆగడు, వాచ్‌మన్ పరుగెత్తిస్తాడు. ఐదుసార్లలో ఒకసారి లాగితే పని జరిగినా కుక్క లాగడం మానదు. ఇంట్లో అందరూ ఒకే పద్ధతి పాటిస్తే కొన్ని వారాల్లో ఫలితం కనబడుతుంది. తొందరగా వెళ్ళాల్సిన రోజున పాఠం పెట్టకు, రొమ్ము రింగుకి కట్టి ఊరికే తీసుకెళ్ళిరా.

నడకలో సగం దానిది. వెళ్ళు అని ఒక మాట అలవాటు చేసి, 6 అడుగులూ వదిలి, చెట్టు మొదలూ స్తంభమూ తృప్తిగా వాసన చూడనివ్వు. ముక్కుతో చేసే పని కూడా కుక్కని బాగా అలసిపోయేలా చేస్తుంది, ఇల్లు చేరాక బుద్ధిగా పడుకుంటుంది. ఖాళీ మైదానం దొరికితే 10 మీటర్ల పొడుగు తాడు వాడొచ్చు. దాన్ని వీపు రింగుకే కట్టాలి, మెడకి ఎప్పుడూ కట్టకూడదు. చేతికి గ్లవుజులు వేసుకో.

వీధికుక్కల భయం గురించి అడిగావు. అవి తమ హద్దులోకి ఎవరొచ్చినా మొరుగుతాయి, హద్దు దాటాక చాలావరకు ఆగిపోతాయి. దూరంగా కనిపించగానే తాడు బిగించడం మనకి సహజంగా వచ్చే తప్పు. బిగించగానే నీ కుక్క తల పైకి లేచి, రొమ్ము ముందుకొచ్చి కయ్యానికి వచ్చినట్టు కనిపిస్తుంది. తాడు కొంచెం వదిలి, నేరుగా వాటివైపు కాకుండా అర్ధచంద్రంగా చుట్టి పక్క నుంచి మాట్లాడుతూ నడిచిపో. అవి దగ్గరకొస్తే పరుగెత్తకు. మీదాన్ని నీ వెనక్కి తెచ్చి రెండో పిడి పట్టుకుని, వాటికి ఎదురుగా నిలబడి గట్టిగా అదిలించు. చేతికర్ర ఉంటే నేలకి కొట్టు చాలు, వాటిని కొట్టొద్దు. గొడుగు ఫట్‌మని తెరిచినా వెనక్కి తగ్గుతాయి. పోట్లాట మొదలైతే మధ్యలో చెయ్యి పెట్టకు, నీళ్ళు పొయ్యి. నిన్ను ఏ కుక్క కరిచినా, గీరినా, ధారగా పడే నీళ్ళతో సబ్బు పెట్టి 15 నిమిషాలు కడిగి ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళు. మీదానికి రేబిస్ టీకా తేదీ దాటనివ్వకు.

నీ కుక్క ఎంత సాధువైనా లీష్ లేకుండా వీధిలోకి వదలొద్దు. ఎవరినైనా గాయపరిస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద యజమానికి 6 నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. దానికంటే ముఖ్యం, కుక్కంటే భయపడే ముసలివాళ్ళూ పిల్లలూ కూడా ఆ వీధిలోనే నడవాలి.

ఎండాకాలం పొద్దున 7 లోపే తిప్పెయ్యి. రోడ్డు మీద అరచేతి వెనక భాగం 7 సెకన్లు ఆనించి చూడు, నువ్వు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. లీష్‌నీ హార్నెస్‌నీ రెండు వారాలకోసారి గోరువెచ్చని సబ్బునీళ్ళలో ఉతికి నీడన ఆరెయ్యి, ఎండకి నైలాన్ పెళుసెక్కుతుంది. కొక్కెంలో ఇసుక ఉంటే పాత టూత్‌బ్రష్‌తో తియ్యి. బెల్టు తీసినప్పుడల్లా దాని కింద వేళ్ళతో తడిమి చూడు, గోమార్లు చేరేది అక్కడే. కుట్టు పోగు లేచినా, పట్టీ అంచు పళ్ళకి తెగినా ముడేసి వాడకు, మార్చెయ్యి.

ఈ ఆదివారం టేపు తీసుకుని మెడ అడుగు కొలతా, ఛాతీ కొలతా రాసి పంపు. ఇంకా పెరిగే వయసు కాబట్టి సర్దుబాటు పట్టీలు బయటికి బాగా వదలడానికి వీలున్న సైజు చూసి చెప్తాను. హార్నెస్ వచ్చాక మొదటి రెండు మూడు రోజులు ఇంట్లోనే, అన్నం పెట్టేటప్పుడు ఐదు నిమిషాలు తొడిగి తీసెయ్యి. ఆ తర్వాతే లీష్ తగిలించు.

ఇట్లు,
మీ పెదనాన్న