లోన్ తీసుకుని పోకర్ నేర్చుకోవచ్చా?

ప్రశ్న: బర్మింగ్‌హామ్‌లో స్కిల్డ్ వర్కర్ వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. భార్య, మూడేళ్ల పాప ఉన్నారు. నెల ఖర్చు 2,600 పౌండ్లు, మిగిలేది 400. బ్యాంకులో 2,100 ఉన్నాయి. పాప పడుకున్నాక వారానికి 12 గంటలు ఆన్‌లైన్ పోకర్ ఆడతాను. నాలుగు నెలల్లో 10-25 పెన్స్ టేబుళ్లలో 430 పౌండ్లు గెలిచాను. పోకర్ ఖాతాలో 1,500 ఉన్నాయి. 8,000 పౌండ్ల పర్సనల్ లోన్ తీసుకుని సాల్వర్ (ఏ పరిస్థితిలో ఎలా ఆడాలో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్), కోచింగ్ కొని, మిగతా డబ్బుతో పెద్ద టేబుళ్లకు వెళ్దామనుకుంటున్నాను. ఈఎంఐ 174 పౌండ్లు, ఐదేళ్లు కట్టాలి. దరఖాస్తులో ఇంటి రిపేర్లకని రాస్తాను. లోన్ సంగతి నా భార్యకు చెప్పలేదు. స్టడీకి ఎంత సమయం, ఆటకు ఎంత సమయం పెట్టుకోవాలి?

జవాబు: ఆ లోన్ తీసుకోకండి. గంటల సంగతి తర్వాత చూద్దాం.

మీ లెక్కే తీసుకుందాం. నెలకు సగటున 107 పౌండ్లు గెలుస్తున్నారు, ఈఎంఐ 174. బాగా ఆడిన నెలల్లోనే వాయిదాకు చాలదు. పైగా ఆ 430 అంటే 17 బై-ఇన్‌లు (బై-ఇన్ అంటే టేబుల్‌లో కూర్చునేటప్పుడు తెచ్చుకునే మొత్తం, మీ టేబుళ్లలో 25 పౌండ్లు). ఒకేసారి నాలుగు టేబుళ్లు ఆడితే నాలుగు నెలల్లో దాదాపు 60 వేల హ్యాండ్స్ (కార్డులు పంచి ఆడే ఒక్కో ఆట) పడతాయి. అన్ని హ్యాండ్స్‌లో 20 బై-ఇన్‌లు అటూ ఇటూ కావడం పోకర్‌లో మామూలే. మీ గెలుపులో నైపుణ్యం ఎంతో, కార్డుల చలవ ఎంతో ఇంకా తేలలేదు. సగం సమయం స్టడీకి ఇస్తే అది తేలడానికి రెట్టింపు నెలలు పడుతుంది. ఈఎంఐ మాత్రం వచ్చే నెలే మొదలవుతుంది. వాయిదా టెన్షన్ పట్టుకున్నాక మీరు మొదట మానేసేది స్టడీనే, ఆ తర్వాత నిద్ర. చాలామంది చేసే పొరపాటు ఇదే కాబట్టి మీ ఉత్తరాన్ని ఎంచుకున్నాను.

లోన్ దరఖాస్తులో ఇంటి రిపేర్లకని రాస్తానన్నారు. అది అబద్ధం చెప్పి అప్పు తీసుకోవడం. జూదానికి అప్పు డబ్బు వాడకూడదనే బ్రిటన్‌లో 2020 ఏప్రిల్ 14 నుంచి క్రెడిట్ కార్డుతో జూదమాడటాన్ని నిషేధించారు. మీరు అదే పనికి దొడ్డిదారి వెతుకుతున్నారు. దయచేసి వద్దు.

ఇక 2,100 పౌండ్ల మాట. అది మీ ఇంటికి 24 రోజుల ఖర్చు. ఉద్యోగం పోతే కొత్త స్పాన్సర్‌ని (వీసాకు పూచీ ఇచ్చే కంపెనీని) వెతుక్కోవడానికి సాధారణంగా 60 రోజులు ఇస్తారు. మీ వీసా మీద ప్రభుత్వ సంక్షేమ సాయం దొరకదు. ఆ 60 రోజులు అద్దె కట్టి, పాపకు పాలు కొని, ప్రశాంతంగా ఇంటర్వ్యూలకు వెళ్లాలంటే కనీసం 5,200 పౌండ్లు కావాలి. తిరిగి వెళ్లాల్సి వస్తే ముగ్గురి విమాన టికెట్లు అదనం. పోకర్ ఖాతాలోని 1,500ని దయచేసి ఈ లెక్కలో కలపకండి. అవసరం వచ్చిన వారంలోనే అది సగమై ఉండొచ్చు.

ఆ పోకర్ ఖాతాలోంచి 750 ఇవాళే పొదుపు ఖాతాకు మార్చండి. మిగిలిన 750 అంటే ఇప్పుడు ఆడే టేబుళ్లకు 30 బై-ఇన్‌లు, సరిపోతాయి. నెలనెలా మిగిలే 400 కూడా అక్కడే వేస్తే, బ్యాంకులోని 2,100తో కలిపి ఆరు నెలల్లో 5,200 చేరతారు. అక్కడితో ఆపకుండా ఆరు నెలల ఖర్చు, అంటే 15,600 వరకు తీసుకెళ్లండి. ఐఎస్‌ఏ (బ్రిటన్‌లో పన్ను పడని పొదుపు ఖాతా), షేర్లు ఆ తర్వాతే. టర్మ్ ఇన్సూరెన్స్ లేకపోతే మాత్రం ఈ నెలలోనే తీసుకోండి.

గంటల గురించి: 12ని 9కి తగ్గించండి. ఆరు ఆటకు, మూడు మీరు ఓడిన పెద్ద హ్యాండ్స్‌ని మళ్లీ చూసుకోవడానికి. ఈ దశలో మీకు పనికొచ్చే స్టడీ అదే, దానికి పెద్దగా ఖర్చు లేదు. మిగిలిన మూడు గంటలు నిద్రపోండి. ఈ పరిమితి వరుసగా రెండు వారాలు దాటితే గామ్‌స్టాప్‌లో పేరు నమోదు చేసుకోండి. అది ఉచితం. అందులో చేరాక బ్రిటన్‌లో లైసెన్సున్న ఆన్‌లైన్ జూదం సైట్లన్నీ కనీసం ఆరు నెలలు మిమ్మల్ని ఆడనివ్వవు.

లోన్ విషయం మీ ఆవిడకు చెప్పలేదని రాశారు. ఈ శనివారం ఇద్దరూ కూర్చుని బ్యాంకు ఖాతా, పోకర్ ఖాతా రెండూ తెరిచి చూడండి. ఆ 750 బదిలీ ఆవిడ ముందే చేయండి.