ఆ 17 రాత్రులు ఎవరి కోసం?

ప్రశ్న: నాకు 62 ఏళ్లు, నా భార్యకు 58. పిల్లలు స్థిరపడ్డారు. పన్నెండేళ్లుగా అన్నయ్య, వదినలతో కలిసి ఓడ ప్రయాణాలు చేస్తున్నాం. ఇప్పటికి తొమ్మిది అయ్యాయి. అన్నీ వారం రోజులవే, అన్నీ ఒకే క్రూయిజ్ కంపెనీలో. అన్నయ్య మాకంటే చాలా ముందు నుంచీ ఆ కంపెనీలో తిరుగుతున్నాడు కాబట్టి ఆయనది పై స్థాయి సభ్యత్వం. ఆ స్థాయి వాళ్లకు సాయంత్రాలు విడిగా లాంజ్ ఉంటుంది. మాకు ప్రవేశం లేదు. ఓడలో గడిపిన రాత్రులను బట్టి పాయింట్లు కలుస్తాయి, ఇంకా 17 రాత్రులు పూర్తయితే మాకూ ఆ స్థాయి వస్తుంది. గత రెండు ప్రయాణాల్లో అన్నయ్య వాళ్ల మనవలు కూడా వచ్చారు. ఒకడికి ఆరేళ్లు, ఇంకొకడికి నాలుగు. అన్నయ్య, వదిన లాంజ్‌లో ఉన్నంతసేపు వాళ్లను నా భార్య చూసుకునేది. మొన్నటి ప్రయాణం చివరి రోజున, ఓడలోనే తర్వాతి ట్రిప్ బుక్ చేస్తే కొంత క్రెడిట్ (ఓడలో ఖర్చుపెట్టుకునే సొమ్ము) ఇస్తారని అన్నయ్య మా ఇద్దరి పేర్లూ కలిపి రాయించాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర విషయం తెలిసి నా భార్య, "నేను రాను. వేరే ఓడైతే వస్తాను" అంది. ఇప్పటికీ అదే మాట మీద ఉంది. ఇన్నేళ్ల పాయింట్లు వదులుకోవడం తెలివితక్కువ కదా? ఒకే కంపెనీని పట్టుకుని ఉండటం మంచిదా, మారుతూ ఉండటం మంచిదా? తనకు ఎలా నచ్చజెప్పాలి? నాన్న పోయాక నన్ను చదివించింది అన్నయ్యే. ఆయన మాట తీసేయలేను.

సమాధానం: మీ ఉత్తరంలో లాంజ్ గురించి ఉంది, పాయింట్ల గురించి ఉంది, క్రెడిట్ గురించి కూడా ఉంది. మీ ఆవిడ ఎందుకు రానంటోందో మాత్రం లేదు. ఆమె అన్న మాట రాశారు, కారణం రాయలేదు. అడిగి ఉంటే రాసేవారు. అందుకే మీరు అడగలేదని అనుకుంటున్నాను.

ముందు మీ ప్రశ్న సంగతి తేల్చేద్దాం, అది చిన్నది. ఒకే కంపెనీలో తిరిగితే లాభం లేదని నేననను. ఓడలో ఏది ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు, అక్కడి పద్ధతులు తెలిసి ఉంటాయి, స్థాయి పెరిగేకొద్దీ చిన్న చిన్న సౌకర్యాలు కలుస్తూ ఉంటాయి. కానీ ఆ మెట్లు ఎలా కట్టారో ఒకసారి చూడండి. ఉదాహరణకు రాయల్ కరీబియన్ అనే క్రూయిజ్ కంపెనీలో మామూలు గది అయితే రాత్రికి ఒక పాయింటు. 30 పాయింట్లకు ప్లాటినం, 55కు ఎమరాల్డ్, 80కి డైమండ్. అక్కడిదాకా మనిషికి అందేలాగే ఉంటుంది. ఆ తర్వాత డైమండ్ ప్లస్ కావాలంటే 175, ఆ పైన పినకిల్ క్లబ్‌కు 700. వారం ప్రయాణాలు వంద చేస్తే గానీ అక్కడికి చేరరు. ఎంత ఎక్కినా పైన ఇంకో మెట్టు కనబడుతూనే ఉంటుంది. మీరు ఆ 17 రాత్రులూ పూర్తిచేసి లాంజ్ తలుపు తీసే రోజుకు మీ అన్నయ్య అంతకంటే పై మెట్టు మీద ఉంటారు.

ఇక "వదులుకోవడం" అన్నారు. వేరే ఓడ ఒకసారి ఎక్కినంత మాత్రాన పాత పాయింట్లు ఎక్కడికీ పోవు. రాయల్ కరీబియన్‌లో కూడిన పాయింట్లకు గడువంటూ లేదు. పైగా 2024 నుంచి అదే గ్రూపుకు చెందిన సెలబ్రిటీ, సిల్వర్‌సీ ఓడల్లో కూడా అక్కడి స్థాయికి సమానమైన స్థాయి ఇస్తున్నారు. ఎంఎస్‌సీ అనే ఇంకో క్రూయిజ్ కంపెనీ వాళ్లయితే వేరే కంపెనీలో మీకున్న స్థాయిని చూసి తమ సభ్యత్వ క్లబ్బులో దానికి తగ్గది ఇస్తారు. దీన్ని స్టేటస్ మ్యాచ్ అంటారు. అన్నిచోట్లా ఇలా ఉండదు లెండి. కార్నివాల్, ప్రిన్సెస్, హాలండ్ అమెరికా, కునార్డ్ అన్నీ ఒకే యాజమాన్యం కింద ఉన్నా ఎవరి క్లబ్బు వాళ్లదే. మీరు కట్టుబడి ఉన్నారు కదా అని కంపెనీ పద్ధతి మార్చకుండా ఉండదు కూడా. ఇన్నాళ్లూ రాత్రులు లెక్కపెట్టిన కార్నివాల్, ఇకపై ఖర్చు పెట్టిన డబ్బును బట్టి స్థాయి ఇస్తామని, ఆ స్థాయికి గడువు కూడా ఉంటుందని 2025లో ప్రకటించింది. ఏళ్ల తరబడి అందులోనే తిరిగినవాళ్లు చాలామంది బాధపడ్డారు. కంపెనీ కంపెనీయే, బంధువు కాదు.

కాబట్టి మీ ప్రశ్నకు జవాబు: మీకు ఏ ఓడ నచ్చితే అది ఎక్కండి. నష్టమేమీ లేదు. దీని గురించి ఇంతకంటే ఆలోచించాల్సింది లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. "ఇంకా 17 రాత్రులు" అని తేలిగ్గా రాశారు. వారం ప్రయాణాలైతే అవి మూడు ప్రయాణాలు. పన్నెండేళ్లలో తొమ్మిది చేసిన మీ లెక్కన చూస్తే నాలుగేళ్లు. అప్పటికి మీ ఆవిడకు 62 వస్తాయి. ఆ పిల్లల్లో పెద్దవాడికి పదేళ్లు నిండుతాయి. అంటే "ఇంకో నాలుగేళ్లు సాయంత్రాలు పిల్లల్ని చూసుకో, ఆ తర్వాత మనం కూడా లాంజ్‌కి వెళ్దాం" అని ఆవిడకు చెబుతున్నారు. పోనీ వెళ్లారనుకుందాం. నలుగురూ లాంజ్‌లో కూర్చుంటే పిల్లల దగ్గర ఎవరుంటారు? మీరు దీని గురించి ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. ఎవరో ఒకరు ఉంటారులే అనుకున్నారు. ఆ ఎవరో మీ ఆవిడే.

పెద్ద ఓడలు చాలావాటిలో మూడేళ్లు దాటిన పిల్లలకు కిడ్స్ క్లబ్ ఉంటుంది. ఆటలు ఆడించేవాళ్లు ఉంటారు, పగలూ సాయంత్రమూ నడుస్తుంది, మామూలుగా దానికి విడిగా ఏమీ కట్టనక్కర్లేదు. ఆరేళ్లవాడు, నాలుగేళ్లవాడు ఇద్దరూ అక్కడ హాయిగా ఉండగలరు. అంత ఏర్పాటు పక్కనే ఉండగా పిల్లలు మీ గదికి ఎందుకు వచ్చారు? అలా పంపడం సులువు కాబట్టి. తోడికోడలు కాదనదు కాబట్టి. మరిది అడ్డు చెప్పడు కాబట్టి. మీ వదినగారి మీద నాకు కోపమేమీ లేదు. అడక్కుండానే పని జరిగిపోతుంటే ఎవరూ ఆగి ఆలోచించరు. అడ్డు చెప్పాల్సిన మనిషి మీరు. మీరు చెప్పలేదు.

మీ ఆవిడకు పిల్లలంటే ఇష్టమని మీరు అనవచ్చు. ఇష్టమే అయి ఉంటుంది. ఇష్టంతో ఒక సాయంత్రం చూసుకోవడం వేరు. ఏడు సాయంత్రాలూ తన పని అదేనని మిగతావాళ్లు ముందే అనుకుని వెళ్లిపోవడం వేరు. ఓడ మీద సాయంత్రం అంటే ఏమిటో తొమ్మిదిసార్లు వెళ్లిన మీకు నేను చెప్పాలా? ఎండ తగ్గి, రేవు వెనక్కి జరిగిపోతూ, డెక్ మీద గాలి చల్లబడే సమయం అది. గత రెండు ప్రయాణాల్లోనూ ఆ సమయానికి ఆవిడ గదిలో ఉంది.

ఆవిడ మాట మళ్లీ చదువుకోండి. "నేను రాను. వేరే ఓడైతే వస్తాను." మీకు మొదటి సగమే వినబడింది. రెండో సగం వినండి. మీతో రానని ఆవిడ అనలేదు. మీ అన్నయ్యను ఒక్క మాట అనలేదు. వదిన పేరు ఎత్తలేదు, పిల్లల పేరు ఎత్తలేదు. భోజనాల బల్ల దగ్గర అందరూ ఉండగా తన పేరు తనను అడక్కుండా రాయించారని తెలిసినా కోపం ఎవరి మీదా చూపకుండా నెపం ఓడ మీదికి తోసేసింది. ఇన్నేళ్లు ఆ ఇంటి కోడలిగా ఉన్న మనిషికి ఏ మాట అంటే ఎంత దూరం వెళ్తుందో తెలుసు. మీకు ఇబ్బంది రాకూడదనే అలా అంది. వేరే ఓడ అంటే మనిద్దరమే వెళ్దామని. అంత మర్యాదగా చెప్పిన మాటను మీరు పాయింట్ల లెక్క అనుకుని, నచ్చజెప్పడం ఎలాగని నన్ను అడుగుతున్నారు.

మీరు కట్టుబడి ఉన్నది కంపెనీకి కాదు, మీ అన్నయ్యకు. నాకు అందులో తప్పేమీ కనబడలేదు. తండ్రి లేని తమ్ముణ్ణి చదివించిన అన్నను జీవితాంతం గౌరవించాలని గట్టిగా నమ్మేదాన్ని నేను. ఆయనకు ఒంట్లో బాగా లేకపోతే మీరు వెళ్లి పక్కన కూర్చోండి. డబ్బు అవసరమైతే లెక్క చూడకుండా ఇవ్వండి. ఆయన ఒక మాట కోపంగా అంటే పడండి. అవన్నీ మీరు స్వయంగా తీర్చుకోవాల్సిన ఋణాలు. మీ ఆవిడ చేతులతో తీర్చడం మాత్రం నేను ఒప్పుకోను. ఆయన ఆమెను చదివించలేదు. ఆ ఋణంలో ఆవిడ వాటా ఎంతో మీరే చెప్పండి. ఏడు రాత్రులా, పదిహేడా, ఎన్ని?

మీ అన్నయ్య చెడ్డవారని కూడా నేననడం లేదు. ఏం చెప్పినా సరేననే తమ్ముడుంటే ఏ అన్నయ్యైనా అడగడం మానేస్తారు. ఆ బుకింగ్ డెస్క్ దగ్గర మీరు పక్కనే ఉన్నారో లేదో రాయలేదు. పక్కనే ఉంటే, "ఒక్క నిమిషం అన్నయ్యా, తనను అడిగి వస్తాను" అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆ మాట విని ఆయన బాధపడి ఉండేవారని నేననుకోను. 62 ఏళ్ల తమ్ముడు ఇంకా తన ముందు నోరు విప్పలేకపోతున్నాడని తెలిస్తే మాత్రం బాధపడతారు.

ఇక చేయాల్సింది. ఆ బుకింగ్ కాగితం తీసి చూడండి. డిపాజిట్ వెనక్కి వచ్చే రకమా, రానిదా అన్నది అందులో ఉంటుంది. మిగతా డబ్బు కట్టే చివరి గడువు తేదీ కూడా ఉంటుంది. ఇలాంటి ప్రయాణాలకు అది మామూలుగా రెండు మూడు నెలల ముందు పెడతారు. ఆ తేదీలోపు మీ ఇద్దరి పేర్లూ తీయించండి. డిపాజిట్ కొంత పోతే పోనివ్వండి, దాని లెక్క ఆవిడ ముందు ఎప్పుడూ ఎత్తకండి.

తర్వాత అన్నయ్యకు ఫోన్ చేయండి. "తను రానంటోంది అన్నయ్యా" అనకండి. ఈ ఒక్క విషయంలో గట్టిగా చెబుతున్నాను. అలా అన్నారంటే భారమంతా మళ్లీ ఆవిడ మీదే పడుతుంది. రేపటి నుంచి వదినగారి ముఖం చూడాల్సింది ఆవిడే. "ఈసారి మేమిద్దరమే వెళ్దామనుకున్నాం అన్నయ్యా, నిర్ణయం నాది" అనండి. ఆయన ఎందుకని అడిగితే, ఇన్నేళ్లలో మేమిద్దరమే ఎక్కడికీ వెళ్లలేదని చెప్పండి, అది అబద్ధం కాదు కదా. తర్వాతి సంవత్సరం అందరం కలిసి వెళ్దామంటే సరే, పిల్లలకు కిడ్స్ క్లబ్‌లో పేరు రాయించే షరతు మీద. ఆ షరతు కూడా మీ నోటి నుంచే రావాలి.

వేరే ఓడల్లో దేన్ని ఎంచుకోవాలన్నది ఆవిడ ఇష్టం. తెలుసుకోవడానికి పనికొస్తుందని మాత్రం చెబుతున్నాను. వైకింగ్ కంపెనీ సముద్ర ప్రయాణాల్లో 18 ఏళ్లలోపు వాళ్లను ఎక్కించుకోరు. ఓడకు వెయ్యిలోపే ప్రయాణికులు, క్యాసినో కూడా ఉండదు. వర్జిన్ వాయేజెస్‌లోనూ 18 దాటినవాళ్లే, కానీ అక్కడ సందడి ఎక్కువ. ఏ రేవూ లేకుండా వారం పాటు సముద్రం మీదే ఉండాలనిపిస్తే కునార్డ్ వాళ్ల క్వీన్ మేరీ 2 ఉంది. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కు వెళ్తుంది. పుస్తకాలు చదువుకునే మనిషైతే అందులో పెద్ద లైబ్రరీ ఉంది. పిల్లల్ని ఎక్కించుకోని ఓడ అని విని, "పిల్లలకు ప్రవేశం లేదట అన్నయ్యా" అని దాన్ని అడ్డం పెట్టుకోవాలని మీకు అనిపిస్తుంది. వద్దు. కంపెనీ నియమం వెనకాల దాక్కోకుండా మీ మాటగానే చెప్పండి.

ఇవన్నీ అయ్యాక ఒక సాయంత్రం ఆవిడ దగ్గర కూర్చోండి. బ్రోషర్లు పట్టుకుని వెళ్లకండి. ఈ తొమ్మిది ప్రయాణాల్లో తనకు ఏ రేవు నచ్చిందో అడగండి. ఓడలో ఏ చోట కూర్చోవాలనిపించిందో అడగండి. మీకు ఈ రెండూ తెలియవనే నా అనుమానం. చెప్పడానికి ఆవిడకు కాస్త సమయం పడుతుంది. మధ్యలో మాట అందుకోకుండా ఉండండి.