గోపీచంద్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

బ్యాడ్మింటన్ ఆటగాడు, కోచ్ పుల్లెల గోపీచంద్ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. ఆయనంటే నీకు ఎంత ఇష్టమో ప్రతి పేరాలోనూ తెలుస్తోంది, ఆ ఇష్టాన్ని మాత్రం పోగొట్టుకోకు. కానీ స్ఫూర్తిప్రదాత, ఆణిముత్యం, తెలుగుజాతి గర్వకారణం లాంటి మాటలన్నీ కొట్టేసి, ఇంకా ఏం మిగిలిందో ఒకసారి చూడు. ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ గెలిచాడు, అకాడమీ పెట్టాడు, సైనాకీ సింధుకీ కోచ్‌గా పనిచేశాడు. ఇవి అందరికీ తెలిసినవే కదా. ఆయన ఏమిచ్చాడో సరే, ఇవ్వడానికి ఆయన చేతి నుంచి ఏం పోయిందో రాయాలి. నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే, మిగతాదంతా దీని వెనకే వస్తుంది.

కూల్‌డ్రింక్ ప్రకటన వద్దన్న సంగతే తీసుకో, దాన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. 1980లో ప్రకాశ్ పదుకోన్ గెలిచాక మళ్లీ 2001 దాకా ఆల్ ఇంగ్లండ్ టైటిల్ మనవాళ్ల చేతికి రాలేదు. బర్మింగ్‌హామ్‌లో సెమీస్‌లో పీటర్ గేడ్‌నీ, ఫైనల్లో చెన్ హాంగ్‌నీ ఓడించేనాటికి గోపీచంద్‌కి 27 ఏళ్లు. 1994లో పుణే జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతూ లిగమెంట్ తెగి, ఆపరేషన్లు చేయించుకున్న మోకాలు ఆయనది, ఇంకెన్నాళ్లు ఆడనిస్తుందో ఎవరూ చెప్పలేరు. ఏ ఆటగాడైనా నాలుగు రాళ్లు వెనకేసుకోవాలనుకునేది సరిగ్గా అలాంటప్పుడే. అప్పుడు కూల్‌డ్రింక్ ప్రకటన వెతుక్కుంటూ వస్తే, ఆరోగ్యానికి మంచిది కాదని తాను నమ్మినదాన్ని తాగమని జనానికి చెప్పలేనని వద్దన్నాడు. తర్వాత గచ్చిబౌలిలో ప్రభుత్వం ఐదెకరాలు ఇస్తే, అక్కడ కోర్టులు కట్టడానికి డబ్బు చాలక సొంత ఇల్లు తాకట్టు పెట్టాడు.

ఈ రెండు సంగతుల్నీ పక్కపక్కన పెట్టి ఊరుకో. త్యాగశీలి అని నువ్వు చెప్పక్కర్లేదు, చదివేవాళ్లే లెక్క వేసుకుంటారు. ఆ అకాడమీకి వ్యాపారవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ ఐదు కోట్లు విరాళం ఇచ్చారని కూడా రాయి. అది రాస్తే గోపీచంద్ గొప్ప తగ్గిపోతుందని అనుకున్నావేమో, తగ్గదు. ఇంత పని ఒక్క చేతి మీద జరగదని చదివేవాళ్లకి కూడా తెలుసు.

రియో పేరా నిండా స్కోర్లే ఉన్నాయి, అవి ఎక్కడైనా దొరుకుతాయి. 2016లో ఆ ఒలింపిక్స్ ముందు మూడు నెలలు సింధు దగ్గర ఫోన్ లేకుండా చేశాడు, అక్కడికి వెళ్లాక ఆమెకి ఎంతో ఇష్టమైన తియ్యటి పెరుగు, ఐస్‌క్రీమ్ కూడా మాన్పించాడు, రజతం వచ్చాక ఇక ఫోన్ ఇచ్చేస్తానని, ఇష్టమైంది తినొచ్చని విలేఖరులతో చెప్పాడు. ఆ తియ్యటి పెరుగు దగ్గర ఆగు. ఇరవై ఒక్క ఏళ్ల పిల్లకి ఏం తినాలనిపిస్తుందో తెలిసి ఉండటం, తెలిసీ వద్దనడం, రెండూ కోచ్ పనే. నీ వ్యాసంలో నాకు ఆయన కనపడాల్సింది అక్కడ.

దగ్గర్లో ఎక్కడైనా షటిల్ కోచింగ్ జరుగుతుంటే తెల్లవారుజామున వెళ్లి కాసేపు కూర్చో. కోచ్ ఎడమ చేతి మీద షటిల్ కాక్‌ల దొంతర పేర్చుకుని ఒకదాని వెనక ఒకటి నెట్‌కి ఈ మూలకీ ఆ మూలకీ వేస్తూనే ఉంటాడు, అవతల పిల్లాడు వంగి లేచి వంగి లేచి ఆయాసపడుతుంటాడు, దొంతర అయిపోగానే మిగతా పిల్లలు నేల మీద పడ్డవన్నీ ఏరి తెచ్చిస్తారు. కాక్‌కి పదహారు ఈకలుంటాయి, ఒకటి విరిగినా అది దారి తప్పుతుంది, పక్కన పడేయాలి. ఆల్ ఇంగ్లండ్ ఛాంపియన్ తన ఆట ముగిశాక ఏళ్ల తరబడి, తెల్లారకముందే లేచి, వేరేవాళ్ల పిల్లల కోసం చేసింది ఈ పనే. కప్పు ఎత్తుకున్న ఫొటో కంటే ఇదే నాకు పెద్దది.

ఇంకో మాట. 2014లో సైనా ఆయన్ని వదిలి బెంగళూరుకి ఇంకో కోచ్ విమల్ కుమార్ దగ్గరికి వెళ్లి, 2017లో మళ్లీ వచ్చిందన్న సంగతి నువ్వు వదిలేశావు. వదలకు. ఇచ్చినవాడి దగ్గరే అందరూ ఎప్పటికీ ఉండిపోరు, వెళ్లినవాళ్లు తిరిగొస్తే తలుపు తీసే ఉండాలి. హీరోని ఇష్టపడేవాళ్లే ఇలాంటివి ధైర్యంగా రాయాలి, లేకపోతే అది సన్మాన పత్రం అవుతుంది.

చివర్లో "నేనూ మా ఊరికి ఏదైనా చేయాలి" అని రాశావు. ఆ వాక్యం నాకు నచ్చింది, కానీ ప్రస్తుతానికి తీసేయ్. మీ హైస్కూల్ గ్రౌండ్‌లో సాయంత్రాలు పిల్లల్ని ఆడించే పీఈటీ మాస్టారు ఉన్నారన్నావు కదా, ఆయన దగ్గరికి వెళ్లు. కాక్‌లకి డబ్బు ఎవరిస్తున్నారు, నెట్ చిరిగితే ఎవరు కుడుతున్నారు, చీకటి పడ్డాక ఆడపిల్లల్ని ఇంటికి ఎవరు దిగబెడుతున్నారు, అన్నీ అడిగి రాసుకో. ఆదివారం పూట ఆ పిల్లల్లో రాయాలనే సరదా ఉన్నవాళ్లని లైబ్రరీలో కూర్చోబెట్టి, నీకు వచ్చిందేదో నేర్పు. ఇదంతా మొదలుపెట్టాక గోపీచంద్ వ్యాసం మళ్లీ రాసి పంపు, తొందరేం లేదు.

ఇట్లు,
మీ అన్నయ్య