భూఅయస్కాంతమా, భ్వయస్కాంతమా?

సందేహం: హబ్సిగూడలో మా కాలనీ పిల్లలతో రోజూ బోర్డు మీద సూర్యుడి వివరాలు రాయిస్తున్నాం. మొన్న ఇలా రాశారు: ‘నేటి సౌర కార్యకలాపాలు మధ్యస్థం. భూఅయస్కాంత పరిస్థితులు అస్థిరం. రేపటి జోస్యం: సూర్యుడిపై అయస్కాంత తుపాను.’ అది చూసిన ఒక పెద్దాయన ‘భ్వయస్కాంత’ అని దిద్దమంటున్నారు. ఏది ఒప్పు? తుపానా, తుఫానా?

సమాధానం: వ్యాకరణం ప్రకారం పెద్దాయన మాట ఒప్పే. భూ+అయస్కాంత అన్నప్పుడు యణాదేశ సంధి వస్తుంది. భూ+ఆది ‘భ్వాది’ అయినట్టే ఇదీ ‘భ్వయస్కాంత’ అవుతుంది. అయితే అంత పట్టుదలకు పోతే భూ+ఉపరితలాన్ని కూడా సవర్ణదీర్ఘం చేసి ‘భూపరితలం’ అనాలి. అలా రాస్తే అందులో ‘ఉపరి’ ఎక్కడుందో చదివేవాళ్లు వెతుక్కోవాలి. శాస్త్ర విషయాల్లో సంధి చేయకుండా రాయడం ఎప్పుడో స్థిరపడింది. పిల్లలు రాసింది ఉంచేయండి.

నిజంగా దిద్దాల్సింది చివరి వాక్యం. అయస్కాంత తుపాను వచ్చేది భూమి చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రంలో. సూర్యుడి మీద జరిగేవి వేరు. జ్వాల ఎగసిందంటే దాని వెలుగు ఎనిమిది నిమిషాల చిల్లరలో మనల్ని చేరుతుంది, పగలున్న వైపు షార్ట్‌వేవ్ రేడియోను దెబ్బతీస్తుంది. సూర్యుడు విసిరిన ప్లాస్మా (విద్యుదావేశం ఉన్న కణాల) మేఘం మాత్రం సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు ప్రయాణించి వస్తుంది. అది మన క్షేత్రాన్ని కుదిపితేనే భూఅయస్కాంత తుపాను. 2024 మే 10, 11 తేదీల్లో వచ్చింది అలాంటిదే. ఆ రాత్రి లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. ‘సౌర తుపాను’ అనే పత్రికల మాట ఈ మూడింటినీ కలిపేస్తుంది. శీర్షికకు సరే, రోజువారీ వివరానికి చాలదు.

‘కార్యకలాపాలు’ సంఘాలకూ పార్టీలకూ నప్పే మాట. ‘ఈరోజు సూర్యుడు ఓ మోస్తరు చురుగ్గా ఉన్నాడు’ అంటే సరిపోతుంది. ఎండ చురుక్కుమంటోందని అనేవాళ్లమే కదా మనం! ‘అస్థిరం’ కూడా నాకు నచ్చలేదు. అయస్కాంత క్షేత్రం కదలికను మూడు గంటలకొకసారి 0 నుంచి 9 దాకా ఉండే కేపీ సూచీతో కొలుస్తారు. 2 దాకా ప్రశాంతం, 3 అంటే కాస్త అలజడి, 4 అంటే చురుకు, 5 నుంచి తుపాను. మీ హబ్సిగూడలోనే ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్ల అయస్కాంత వేధశాల ఉంది. వీలైతే పిల్లలను తీసుకెళ్లి, ఈ కదలికలను ఎలా నమోదు చేస్తారో అడిగి తెలుసుకోండి.

జోస్యం వద్దు, అది జ్యోతిషం వైపు లాగుతుంది. ఒకటి రెండు రోజుల ముందు చెప్పేది ‘అంచనా’. సూర్యుణ్ని గమనించే ఇస్రో వ్యోమనౌక ఆదిత్య ఎల్1 ఉన్నచోట, అంటే భూమికి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల అవతల, మేఘాన్ని పట్టుకుని చెప్పేది ‘హెచ్చరిక’. అక్కడి నుంచి ఇక్కడికి మహా అయితే గంట వ్యవధి. ఈ రెండు మాటలనూ కలపకండి.

ఇక తుపాను, తుఫాను రెండూ ఒప్పే. ఉర్దూ పలుకుబడికి అలవాటుపడిన హైదరాబాదీల నోట తుఫానే వస్తుంది. పత్రికల్లో తుపాను ఎక్కువ. మీ బోర్డు మీద ఏదో ఒకటే వాడండి, చాలు.