మాత్ర మంచిదే, దానితో టీయే వద్దు

ప్రశ్న: నా వయసు 24. ఐదో నెల. హిమోగ్లోబిన్ 9.2 ఉందని ఐరన్ మాత్రలు రాశారు. టీ తాగి వేసుకుంటున్నాను. విరేచనం నల్లగా అవుతోంది, మలబద్ధకం కూడా. మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందని, ఎక్కువ తింటే కాన్పు కష్టమవుతుందని మా అత్తయ్య అంటున్నారు. మాత్రలు మానేసి బీట్‌రూట్, దానిమ్మ తింటే సరిపోదా? - ఒక సోదరి, సిద్దిపేట

జవాబు: సరిపోదమ్మా. బీట్‌రూట్ రంగు చూసి రక్తం పడుతుందనుకుంటాం కానీ, అందులోనూ దానిమ్మలోనూ ఐరన్ చాలా తక్కువ. గర్భిణికి హిమోగ్లోబిన్ కనీసం 11 ఉండాలి. అంతకంటే తగ్గితే తిండి ఒక్కదానితో పూడేది కాదు, మాత్ర తప్పదు.

విరేచనం నల్లబడేది ఒంటికి పట్టని ఐరన్ వల్ల. భయం లేదు. బిడ్డ రంగు తల్లిదండ్రుల నుంచి వచ్చేదే. మాత్రతో నలుపూ రాదు, కుంకుమపువ్వుతో తెలుపూ రాదు.

అసలు తేడా మీ టీ దగ్గర ఉంది. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్ర, ఇవన్నీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. రెండు గంటలైనా ఎడం ఉండాలి. భోజనమయ్యాక గంటకు, నిమ్మరసం కలిపిన నీళ్లతో వేసుకోండి. వికారంగా ఉంటే రాత్రి పడుకునే ముందు వేసుకోండి. కాల్షియం మాత్ర టిఫిన్ తర్వాత వేసుకోవచ్చు. మలబద్ధకానికి నీళ్లు బాగా తాగడం, ఆకుకూరలు, జామకాయ, సాయంత్రం కాసేపు నడక. అయినా తగ్గకపోతే మందు మార్చమని మీ డాక్టరునే అడగండి, మీ అంతట మీరు మానొద్దు.

ఇక తిండి. బిడ్డ బరువు పెరుగుతుందని కడుపు మాడ్చుకుంటే, తక్కువ బరువుతో బిడ్డ పుట్టే ప్రమాదం ఉంది. అలాగని ఇద్దరి తిండి తినక్కర్లేదు. మామూలుగా తినేదానికి మరో 350 కేలరీలు చాలు: ఒక గుడ్డు, గ్లాసు పాలు, గుప్పెడు వేరుశనగలు దాదాపు అంతే అవుతాయి. పప్పులో తోటకూరో మునగాకో వేసి, పైన నిమ్మకాయ పిండండి. మాంసాహారం తింటే వారానికి రెండు మూడుసార్లు చేపలో, మాంసమో బాగా ఉడికించి తినండి. బొప్పాయి పండితే తినొచ్చు, పచ్చిది మాత్రం వద్దు. తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో రోజూ ఒక పూట భోజనం, గుడ్డు, పాలు ఇస్తారు. మొహమాటపడకుండా వెళ్లండి.

నెల తర్వాత మళ్లీ రక్తపరీక్ష చేయించండి. ఒక పాయింటైనా పెరగకపోతే కారణం వెతకాలి: నులిపురుగులా, తల్లిదండ్రుల నుంచి వచ్చే థలసీమియా అనే రక్తలోపమా అని. అవసరమైతే ఐరన్ సెలైన్‌లో ఎక్కిస్తారు. ఈలోగా ఆయాసం, గుండెదడ వస్తే మాత్రం నెల ఆగకండి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి.