ఇన్వర్టర్ సంగతి తర్వాత, ముందు నూతికి గిలక ఉందా చూడండి

తుపాను వల్ల వారం పది రోజులు కరెంటు లేకపోతే ఇల్లు గడవడానికి ఎంత సామర్థ్యం గల ఇన్వర్టర్ కొనాలని మీరు అడిగారు. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి దగ్గర పల్లె. తిత్లీ తుపానులో పన్నెండు రోజులు కరెంటు లేకుండా గడిపినవాడిగా చెబుతున్నాను, మీరు ముందుగా ఆలోచించవలసింది నీటి గురించి.

2018 అక్టోబరు 10 రాత్రి గాలి మొదలై కరెంటు పోయినప్పుడు మేము నిశ్చింతగానే ఉన్నాము, ఎందుకంటే ఆ వేసవిలోనే 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీతో ఇన్వర్టర్ పెట్టించుకున్నాము. తెల్లవారుజామున పలాస దగ్గర తుపాను తీరం దాటింది. వెలుగు వచ్చాక తలుపు తీస్తే పెరట్లోని కొబ్బరిచెట్లలో సగం నేలకూలి ఉన్నాయి, వీధి పొడవునా స్తంభాలు నడిమికి విరిగి తీగలతో సహా పడి ఉన్నాయి. ఒక ఫ్యాను, రెండు ఎల్‌ఈడీ దీపాలు నడిపిన ఇన్వర్టర్ ఆ మధ్యాహ్నానికే ఆగిపోయింది. 12 వోల్టుల అటువంటి బ్యాటరీలో లెక్క ప్రకారం ఉండేది 1800 వాట్ అవర్లు మాత్రమే, అందులోనూ కొంత వృథా పోతుంది. ఇక బోరు మోటారును అది అసలు తిప్పనే లేదు. మోటారు కదిలే క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుందని అమ్మిన దుకాణంవారు ఒక్క మాటైనా చెప్పలేదు.

ముందురోజు నింపుకోని ట్యాంకు రెండో ఉదయానికి అడుగంటింది. మా పెరట్లో తాతగారు తవ్వించిన నుయ్యి ఉంది, కానీ బోరు వేయించాక పిల్లలు పడతారన్న భయంతో దానిపై సిమెంటు పలక పోయించి, గిలక తీసేశాము. నిండుగా నీళ్లున్న ఆ నూతి పక్కనుంచే బిందెలు పట్టుకొని మూడిళ్ల అవతల పెద్దమ్మ గారింటికి వెళ్లి, వీధి వీధంతా నిలుచున్న వరుసలో మేమూ నిలబడ్డాము. అరవై నాలుగేళ్ల మా అమ్మ చేంతాడు లాగి లాగి అరచేతులు బొబ్బలెక్కించుకుంది. ఆ చేతులు చూసిన నాలుగో రోజున నలుగురం కలిసి గునపాలతో పలక పగలగొట్టాము. ఊరూరా నూతులు పూడ్చి వాటి మీద వాహనాలు నిలుపుకోవడం నాకు నేటికీ బాధ కలిగిస్తుంది.

మందుల మాట కూడా మరువకండి. నాన్నగారి ఇన్సులిన్‌లో వాడుతున్న సీసా బయట ఉన్నా సుమారు నాలుగు వారాలు నిలుస్తుంది, మూత తీయనివాటిని తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో ఉంచాము. డయాలసిస్ అవసరమైనవారు ఇంట్లో ఉంటే, దారులు మూసుకుపోకముందే, హెచ్చరిక వచ్చిన రోజునే వారిని కేంద్రం ఉన్న ఊరికి చేర్చండి.

ఇప్పుడు మా నూతికి తాళం వేసే ఇనుప ఊచల మూత, కొత్త గిలక ఉన్నాయి, చేంతాడును ఏటా సెప్టెంబరులో మారుస్తాము. తుపాను కబురు వినగానే ట్యాంకు, డ్రమ్ములు నింపుతాము. కరెంటు తిరిగి వచ్చి నిలకడ పడేదాకా మెయిన్ స్విచ్ వేయము. ఇన్వర్టర్ సామర్థ్యం మాత్రం పెంచలేదు. పాత ఫ్యానుకు బదులు తక్కువ కరెంటుతో తిరిగే రకం, 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను బిగించాము, దానితో అంతే బ్యాటరీ రెండు రాత్రులు వస్తోంది.